పటాలము – పౌరుషము : గంజాము మండలమునుండి ఒక పరిశీలనము

సైన్యచరిత్రములు వ్రాయువారు సామాన్యముగా యుద్ధములను, సంధులను, సేనానుల ప్రతాపమును వర్ణింతురు. సిపాయి ఏమి తినెను, ఎచట పరుండెను, ఎవరిని ప్రేమించెను అను విషయములు ఆ గ్రంథములలో అరుదుగా కానవచ్చును. సైన్యచరిత్రమున ప్రేమ యను మాట వింతగా తోచవచ్చును. కాని ప్రభుత్వములు సైనికుని ఆయుధమును, ఆహారమును శాసించినట్లే వాని అనురాగమును గూడ శాసించినవి. పురుషుని ప్రేమించు పురుషుడు సైనికుడుగా నుండదగునా అను ప్రశ్న ఇటీవల పాశ్చాత్యదేశములనుండి దిగుమతి యైనదని పలువురు తలంతురు. చట్టముల పుట్టుపూర్వోత్తరములు చూచినచో ఆ దేశములనుండి ముందుగా దిగుమతి యైనది ఈ ప్రశ్నకు సంబంధించిన శిక్ష యని తేలును. ఆ శిక్ష ఎట్లు వచ్చెను, యుద్ధకాలమున దాని నెట్లు ప్రయోగించిరి, గంజాము తెలుగువారికి దానితో గల సంబంధ మేమి అను విషయములను విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

1766లో నిజాముతో కుదిరిన సంధివలన ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించెను. 1768లో ఎడ్వర్డు కాట్స్‌ఫర్డు గంజామునకు రెసిడెంటుగా వచ్చెను. నాటినుండి 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు ఈ మండలము మద్రాసు పాలనలోనే యుండెను. బరంపురము, శ్రీకాకుళము మద్రాసు సైన్యమునకు దండుస్థలములుగా నుండెడివి. 1835 మొదలు 1837 వరకు జరిగిన ఘుమ్‌సర యుద్ధమునకు పటాలములు ఈ మార్గముననే నడచెను. ఆ యుద్ధమున సిపాయిలను కంధుల గొడ్డళ్లకన్న మన్యపు జ్వరము అధికముగా బాధించెను. యుద్ధమును నడపిన జార్జి రస్సెలు పేరున వెలసిన రస్సెలుకొండయే నేటి భంజనగరము.

మద్రాసు సైన్యమున తెలుగువారు తక్కువవారు కారు. పదునెనిమిదవ శతాబ్దిలో కంపెనీ సేనలతో వంగదేశమునకు పోయిన సిపాయిలలో తెలుగువా రుండుటచేత, ఉత్తర హిందూస్థానమున సిపాయికి ‘తిలంగా’ అనియే పేరు స్థిరపడెను. సిపాయి ఏ జాతివాడైనను, ఎఱ్ఱకోటు తొడిగినచో వాడు తిలంగాయే. ఒక జాతి పేరు వృత్తిపేరుగా మారుట సామాన్య గౌరవము కాదు. నూఱేండ్లు గడచుసరికి ఆ జాతినే సైన్యమునుండి తొలగించిరి. ఆ తొలగింపునకు చూపిన కారణమునకును ఈ వ్యాసవిషయమునకును దగ్గఱి చుట్టఱికము కలదు.

మద్రాసు సిపాయి జీవనమున నొక విశేషము కలదు. వంగసైన్యపు సిపాయి ఆలుబిడ్డలను ఊరిలో విడిచి పటాలమునకు పోయెడివాడు. మద్రాసు సిపాయి వెంట కుటుంబము నడచెడిది. తల్లి, భార్య, బిడ్డలు, ఒక్కొక్కయెడ విధవయైన అక్క గూడ బండ్లపై తరలి దండులోని గుడిసెలలో కాపురముండెడివారు. దండు పక్కన ఒక ఊరే వెలసెడిది. అందుచేత తెలుగు సిపాయి గృహస్థుడై యుండియే సైనికుడు. తెల్లసోల్జరు స్థితి వేఱు. ఇంగ్లీషు పటాలములలో ఇంచుమించు నూటికి పండ్రెండుగురికి మించి భార్యలను వెంట నుంచుకొనుటకు అనుమతి లేకుండెను. తక్కినవారు ఏండ్ల తరబడి బారకులలో బ్రహ్మచారులు. వారికొఱకు ‘లాల్‌బజారు’ అను పేర వేశ్యావాటికలను పటాలములే పోషించినవి. 1864లో కంటోన్మెంటు చట్టము, 1868లో అంటువ్యాధుల చట్టము చేసి, ఆ స్త్రీలను బలవంతముగా వైద్యపరీక్షలకు గురిచేసిరి. ఇంగ్లండులోని స్త్రీల ఆందోళనవలన 1888లో ఈ రెండవ చట్టము రద్దయ్యెను. 1894లో వైస్రాయి ఎల్గిన్ ప్రభువు, ఈ ఏర్పాట్లు పూర్తిగా తొలగించినచో సోల్జరులు అంతకన్న ఘోరమైన ‘అస్వాభావిక’ నేరములకు దిగుదురని భయము వెలిబుచ్చెను. ఇట్లు స్వలింగానురాగమునందలి భయము బారకునుండి బజారును, బజారునుండి చట్టమును పుట్టించెను. ఆ చట్టపు బరువు మోసినది మాత్రము బీద స్త్రీ.

ఇక శిక్ష మాట. ఇంగ్లండున 1533లో, ఎనిమిదవ హెన్రీ కాలమున, పురుషమైథునమునకు మరణదండనము విధించు చట్టము పుట్టెను. ఇంగ్లీషు నౌకాదళ శాసనములలో 1661లోను, మరల 1749లోను ఇదే దండనము చేరెను. ఇది కాగితముపై శిక్ష మాత్రమే కాదు. 1816లో ‘ఆఫ్రికేను’ అను యుద్ధనౌకకు చెందిన నలుగురు నావికులను ఈ నేరమునకై ఉరితీసిరి. ఇంగ్లండులో ఈ నేరమునకు మరణదండనము 1861లో గాని తొలగలేదు.

మన ప్రాచీన శాస్త్రములు ఈ విషయమును మెచ్చుకొన్నవని చెప్పుట సత్యము కాదు. మనుస్మృతి దీనిని జాతిభ్రంశకర దోషములలో లెక్కించినది. వేఱొకచోట ద్విజునకు సచేలస్నానము ప్రాయశ్చిత్తముగా చెప్పినది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సాహసదండములలో మొదటిదియు అల్పమునగు జరిమానా విధించెను. దోషమని చెప్పిరి, కాని దానికి కట్టిన వెల స్నానము, జుల్మానా. ఉరికొయ్యకును తడిబట్టకును గల దూరమే ఆ కాలముల దృష్టిభేదమును చాటును. సంస్కృతి పేర నేడు కఠినశిక్షను సమర్థించువారు ఈ దూరమును గమనింపరు.

భారతకథ యెఱిగిన తెలుగువారికి విరాటపర్వము కొత్తది కాదు. తిక్కన సోమయాజి తెనిగించిన ఆ పర్వమున, యుద్ధమునకు బయలుదేరిన ఉత్తరునకు బృహన్నల సారథియగును. నాట్యము నేర్పు పేడి రథము తోలుటయా యని తొలుత అనుమానించిన రాకుమారుడే కౌరవసేనను చూచి రథము దిగి పరుగెత్తెను. వానిని పట్టి తెచ్చి గోగ్రహణమున గెలిచినది బృహన్నల. బృహన్నల కథ స్వలింగానురాగమును గూర్చినది కాదు. వేషమునుబట్టి శౌర్యమును కొలువరాదను వివేకము మాత్రము ఈ దేశపు కథలో వెనుకటినుండియు కలదని చూపుటకే దాని నిచట తలచవలసి వచ్చెను.

ఇంగ్లీషువారి శిక్ష సమస్త భారతమునకు ఏకరూపముగ వచ్చినది శిక్షాస్మృతి ద్వారా. మెకాలే అధ్యక్షతన లా కమిషను 1837లో దాని ముసాయిదాను సిద్ధపఱచెను. ప్రతి నేరమును విపులముగా చర్చించిన ఆ కమిషను ఈ ఒక్క నేరమువద్ద మాత్రము, చర్చయే అసహ్యకరమని మిన్నకుండెను. హేతువు చెప్పకుండ చేసిన చట్ట మన్నమాట. 1860లో శాసనమై, 1862 జనవరి 1 మొదలు అమలులోనికి వచ్చిన ఆ స్మృతిలోని 377వ సెక్షను ‘ప్రకృతివిరుద్ధ’ సంభోగమునకు యావజ్జీవ ప్రవాసముగాని, పదేండ్లవరకు ఖైదుగాని విధించెను. ఇచ్ఛాపూర్వకమా, బలాత్కారమా యను విచక్షణ అందు లేదు.

ఆ మెకాలేయే 1841లో వారన్ హేస్టింగ్సును గూర్చి వ్రాసిన వ్యాసమున వంగీయులను ఆడంగులవంటి దుర్బలులని వర్ణించెను. ఒకే కలము ఒకచోట పురుషానురాగమును నేరముగా లిఖించెను, వేఱొకచోట ఒక జాతికి పౌరుషము లేదని తీర్పు చెప్పెను. ఈ రెండు లిఖితములకు ఆధారము ఒకటే కొలత. ‘పురుషు డనగా నిట్లుండవలెను’ అని ఇంగ్లండు ఉన్నతవర్గము ఏర్పఱచుకొనిన కొలత యది. ఆ కొలబద్ద త్వరలోనే తెలుగువారివద్దకు గూడ వచ్చెను.

1857లో మద్రాసు సైన్యము ఇంచుమించు సమస్తమును కంపెనీ పక్షముననే నిలిచెను. ఆ పక్షము వహించుట మంచిదా, చెడ్డదా యను విచారణ అటుంచుడు. ప్రభువుల దృష్టిలో అది విశ్వాసమే కదా. అయినను ఫలితము విపరీతమయ్యెను. 1881 మొదలు 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా, పిదప సర్వసైన్యాధిపతిగా నున్న రాబర్ట్స్ ప్రభువు, దీర్ఘకాలము శాంతి ననుభవించిన దక్షిణాదివారిలో వీరగుణము సన్నగిల్లినదని నిశ్చయించెను. 1897లో ప్రకటించిన తన జీవితచరిత్రమున ఈ మాట విస్పష్టముగా చెప్పెను. ‘యుద్ధజాతులు’ అను సిద్ధాంత మట్లు ప్రబలెను. పంజాబీలు, గూర్ఖాలు మగవారు, మద్రాసీలు మెత్తనివారు. 1903 ప్రాంతమున కిచెనరు చేసిన పునర్నిర్మాణములో పెక్కు మద్రాసు పటాలములను పంజాబీలతో నింపి, పేర్లు మార్చిరి. తెలుగువారి చేరిక దాదాపుగా నిలిచిపోయెను. ‘తిలంగా’ అను మాటకు అర్థమిచ్చిన జాతికి తిలంగాగా నుండు అర్హత లేకపోయెను.

ఈ తీర్పునకు సాక్ష్య మెక్కడ? యుద్ధములో వెన్నిచ్చిరని చూపి తొలగింపలేదు. పొడుగు, ఒడ్డు, ముఖకవళిక, నడవడి చూచి, పౌరుషము లేదని తొలగించిరి. వ్యక్తిని పరీక్షించి చూడనే లేదు. ఫలానా వర్గమువాడు కనుక పనికిరాడనిరి. ఈ తర్కస్వరూపమును పాఠకులు మనసున నుంచుకొనవలెను.

1914లో మహాయుద్ధము వచ్చెను. యుద్ధజాతుల గ్రామములలో యువకులు చాలకపోయిరి. అప్పుడు పనికిరాని జాతులు మరల పనికివచ్చినవి. మహారులను 1892 ప్రాంతమున సైన్యములో చేర్చుకొనుట మానిరి; 1917లో 111వ మహారు పటాలమును లేపిరి; యుద్ధము ముగిసిన పిదప 1921లో దానిని రద్దుచేసిరి. 1941లో మరల మహారు రెజిమెంటు. మద్రాసు కథయు నిదియే. యుద్ధానంతరము 1922లో ఏర్పడిన 3వ మద్రాసు రెజిమెంటును పొదుపు పేర 1928 లోపుగా విడగొట్టిరి. 1933లో మద్రాసు పయొనీర్లను తొలగించిరి. బెంగుళూరులోని సాపర్లు మాత్రము నిలిచిరి. జపానువారు తూర్పున విజృంభించు కాలమునకు, 1941–42లో, మద్రాసు రెజిమెంటును మరల నిర్మించిరి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై బాంబులు పడెను. గోపాలపురమునుండి ఓడలలో రంగూనుకు కూలికి పోయిన గంజాము, విశాఖ మండలముల తెలుగువారు బర్మానుండి కాలినడకను తిరిగివచ్చుచుండిరి. ఆ సమయమున పౌరుషపు కొలబద్ద ఎవరికిని జ్ఞాపకము రాలేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికి భారతసైన్యము ఇరువదియైదు లక్షలకు పెరిగెను. నిర్బంధసేవ లేకుండ అంత పెద్ద సైన్యము అంతకు పూర్వ మెచ్చటను లేదు.

యుద్ధమున పిలుచుట, శాంతిలో తఱుముట – ఈ పద్ధతి స్వలింగానురక్తులైన సైనికుల యెడల మఱింత స్పష్టముగా కనబడును. అమెరికాలో రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు ఈ విషయము కోర్టుమార్షలు నేరముగా మాత్రమే యుండెను. 1942–43లో మనోవైద్యుల సలహాపై క్రొత్త నియమములు చేసి, చేరువేళ ప్రతి యువకుని ప్రశ్నించుటకు, చేరినవారిలో బయటపడినవారిని నేరము ఋజువు కాకున్నను పంపివేయుటకు ఏర్పాటు చేసిరి. పంపివేయునపు డిచ్చు పత్రము నీలికాగితముపై నుండుటచేత ‘నీలి విడుదల’ యని పేరువచ్చెను. 1941 డిసెంబరు మొదలు 1945 జూన్ వరకు అమెరికా పదాతిసైన్యము 48,603 నీలి విడుదలలు చేసెను. అందులో 10,806 నల్లజాతివారికి. సైన్యమున వారి సంఖ్య నూటికి ఆఱేడుగురు. నీలికాగితములలో వారి వంతు నూటికి ఇరువదిరెండు. సైన్యమునను నౌకాదళమునను కలిపి స్వలింగానురాగము కారణముగా సాగనంపబడినవారు సుమారు 9,000 మంది యని చరిత్రకారుల లెక్క. ఈ కాగితము చేతబట్టినవానికి 1944 చట్టము ననుసరించి యుద్ధవీరులకు కలిగిన చదువు, గృహఋణము మొదలగు సౌకర్యములు దక్కలేదు. ఊరిలో ఉద్యోగ మడుగబోయినచో యజమాని ఆ నీలిరంగు చూచి తలుపు మూసెడివాడు. ఒకే కాగితము నల్లవానిని, స్వలింగప్రియుని ఒకే గాటను కట్టిన తీరు గమనింపదగినది. సైన్యము తనకు నచ్చని వర్గముల కన్నింటికి ఒకే ద్వారము తెఱచియుంచెను.

విచిత్రమేమనగా, యుద్ధము తీవ్రమైన చోట్ల ఈ నియమములు సడలెడివి. మనుష్యుల అవసరము హెచ్చినపుడు అధికారులు కన్నులు మూసికొనిరి. యుద్ధము ముగియగానే విచారణలు విజృంభించెను. 1957లో అమెరికా నౌకాదళమే నియమించిన క్రిటెండన్ మండలి, ఇట్టి సైనికులవలన దేశరహస్యములకు ప్రత్యేకాపాయ మున్నదనుటకు ఆధారము లేదని నివేదించెను. ఆ నివేదిక ఏండ్ల తరబడి బీరువాలో నుండెను. 1993లో చేసిన ‘అడుగవద్దు, చెప్పవద్దు’ అను చట్టము సైతము 2011 సెప్టెంబరు 20న తొలగినది.

బ్రిటను చరిత్రము మనకు ఇంకను సమీపము, ఏలనన మన సైనికచట్టమునకు తల్లి యదే. జర్మనుల రహస్యలిపిని ఛేదించుటలో అగ్రగణ్యుడైన అలాన్ ట్యూరింగు యుద్ధకాలమున అమూల్యుడు, 1952లో నేరస్థుడు, 1954లో మృతుడు, 2013లో క్షమాభిక్ష పొందినవాడు. 1967లో ఇంగ్లండు పార్లమెంటు పెద్దవారి ఏకాంత స్వలింగసంబంధమును నేరముల పట్టికనుండి తొలగించెను, కాని సైన్యమును మినహాయించెను. వీధిలో నేరము కానిది బారకులో నేరమై నిలిచెను. సైనికులకు ఆ నేరము తొలగుటకు 1994 వరకును, ఉద్యోగమునుండి తీసివేయుట ఆగుటకు 2000 జనవరి 12 వరకును పట్టెను. అదియు 1999 సెప్టెంబరు 27న స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము, తొలగింపబడిన సైనికుల పక్షమున తీర్పు చెప్పిన పిమ్మటనే. పటాలములు కూలిపోవునని అంతకుముందు సేనానులు హెచ్చరించియుండిరి. ఏమియు కూలలేదు. 2023 జూలై 19న బ్రిటిషు ప్రధానమంత్రి పార్లమెంటులో ఆ సైనికులకు క్షమాపణ చెప్పెను.

ఇపుడు భారతసైన్యమువైపు మరలవలెను. 1881 నాటి బ్రిటిషు సైనికచట్టమున ‘క్రూరమైన, అసభ్యమైన లేక అస్వాభావికమైన నీచప్రవర్తన’ అను నేరమొకటి కలదు. మన సిపాయిలకు వర్తించిన 1911 నాటి చట్టమునందును ఇదే భావము చోటుచేసికొనెను. రెండు ప్రపంచయుద్ధములలోను మన సైనికులు ఈ చట్టము క్రిందనే ఫ్రాన్సు, మెసపొటేమియా, బర్మా రంగములలో పోరాడిరి. వారి జాబులను సైనికాధికారులు విప్పి చదివెడివారు; వాని సారాంశము నివేదికలుగా పైకి పోయెడిది. భార్యకు వ్రాయువాడే సిగ్గుపడి పొడిమాటలు వ్రాసెడివాడు. తోటి సైనికునియందు మనసు నిలిపినవాడు ఏమి వ్రాయగలడు? వాని యుద్ధకాలము మౌనవ్రతముగా గడచెననుట అతిశయోక్తి కాదు.

స్వాతంత్ర్యము వచ్చెను, పటాలముల చిహ్నములనుండి కిరీటము తొలగెను. 1950లో పార్లమెంటు సైన్యమునకు, వాయుసేనకు నూతన చట్టములు చేసెను. సైనికచట్టపు 46వ సెక్షను మొదటి ఖండమున ఆ పాతమాటలే యథాతథముగా నిలిచెను. శిక్ష ఏడేండ్లవరకు ఖైదు. 45వ సెక్షను అధికారికి తగని నడవడిని శిక్షించును. 69వ సెక్షను సాధారణ నేరములను సైనిక న్యాయస్థానము విచారించుటకు త్రోవ చూపును. దానిద్వారా 377వ సెక్షను సైతము బారకులోనికి ప్రవేశించెను. రాజ్యాంగపు 33వ అధికరణము, కర్తవ్యనిర్వహణకును క్రమశిక్షణకును సైనికుల ప్రాథమిక హక్కులను ఎంతవరకు కుదింపవలెనో నిర్ణయించు అధికారమును పార్లమెంటున కిచ్చినది. కనుక సైనికుడు పౌరుడే గాని, సంపూర్ణ పౌరుడు కాడు.

377వ సెక్షను చరిత్రము ఇటీవలిది గనుక సంగ్రహముగా చాలును. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, పెద్దవారి ఇష్టపూర్వక సంబంధమునకు అది వర్తింపదనెను. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. అపుడు చెప్పిన హేతువులలో నొకటి, దేశజనాభాలో ఇట్టివారు అత్యల్పభాగ మనుట. ఈ హేతువువద్ద గంజాము తెలుగువారు ఒకింత నిలువవలెను. 1936లో సరిహద్దు గీత గీచినపుడు బరంపురము, ఛత్రపురము, ఆస్కా ప్రాంతముల తెలుగువారు ఒక్కరాత్రిలో అల్పసంఖ్యాకులైరి. వారి బడులు, వారి పుస్తకములు, వారి ఉపాధ్యాయులు నేటికిని రాజ్యాంగపు 29, 30 అధికరణములను ఆశ్రయించియున్నారు. కొలదిమంది కనుక హక్కు లేదనుట న్యాయమైనచో, బరంపురమున తెలుగుబడి యేల నిలువవలెను? తక్కువ సంఖ్యయే రక్షణకు కారణమని వాదించి బ్రదికినవారు, అదే సంఖ్య ఇంకొకరికి ఉరియగుచుండగా ఊరకుండుట పొసగదు. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ సంఖ్యాతర్కమును త్రోసిపుచ్చి, ఇష్టపూర్వక సంబంధము నేరము కాదని ఏకగ్రీవముగా నిర్ణయించెను. ఆ ధర్మాసనమునకు అధ్యక్షుడైన ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా ఒడిశావారే.

తీర్పు బారకు గుమ్మమువద్ద ఆగెను. 2019 జనవరిలో నాటి సైన్యాధిపతి బిపిన్ రావత్, సైన్యము సంప్రదాయనిష్ఠ గలదనియు, ఇట్టి నడవడిని అందు అనుమతింపబోమనియు, సైనికచట్టపు సెక్షనులు ఉండనే యున్నవనియు పత్రికలవారితో చెప్పెను. 2022లో చలనచిత్ర దర్శకుడు ఓనిర్, తన అనురాగస్వభావము కారణముగా సైన్యమును విడిచిన ఒక మేజరు కథ ఆధారముగా వ్రాసిన చిత్రకథకు రక్షణశాఖ అనుమతి నిరాకరించెను. దీనికి మునుపే, 2017 అక్టోబరులో, విశాఖపట్టణమున నున్న ఒక నావికుని సంగతి వార్తలకెక్కెను. పురుషుడుగా చేరి, శస్త్రచికిత్సతో స్త్రీరూపము పొందిన ఆ వ్యక్తిని నౌకాదళము నియమావళి ఒప్పదని ఉద్యోగమునుండి విడుదల చేసెను. ఇది లింగపరివర్తనమునకు సంబంధించినది, అనురాగమునకు కాదు. రెంటిని కలిపివేయుట తప్పు. కాని ఏడేండ్లు ఓడపై పనిచేసిన చేతులు, వేషము మారినంతనే పనికిమాలినవగుట యెట్లు అను ప్రశ్న రెండింటికి సమానమే.

క్రమశిక్షణవాదమును తేలికగా త్రోసివేయరాదు. బారకులో అంతస్తుల భేదము కఠినము; పైయధికారి కోరినచో క్రిందివాడు కాదనలేడు. ఇరుకైన గుడారములో, మంచుకొండపై, నెలల తరబడి కలసియుండువారి నడుమ అసూయ, పక్షపాతము పటాలమును చెఱచును. ఇదంతయు సత్యమే. అయితే పక్షపాతము బంధుత్వమువలన రాదా? కులమువలన, ఊరివలన, భాషవలన రాదా? ఏ సైన్యమును దీనికై అన్నదమ్ములను నిషేధింపలేదు, పక్షపాతమునే నిషేధించినది. అధికారబలముతో జరుగు బలవంతమును శిక్షింపవలసినదే, బాధితుడు స్త్రీయైనను పురుషుడైనను. 46వ సెక్షనులోని పదములు మాత్రము బలవంతమును ఇష్టమును వేఱుచేయవు. అందుచేత అన్యాయమునకు గుఱియైన జవాను సైతము ఫిర్యాదు చేయుటకు జంకును. తానే నీచప్రవర్తనకు పాల్పడినవాడుగా నిలువవలసివచ్చునేమో యని వాని భయము. క్రమశిక్షణకు ఇది మేలుచేయునది కాదు.

బరంపురమునుండి తూర్పునకు, పది మైళ్ల లోపు దూరములో, గోపాలపురము తీరమున సైనిక వాయురక్షణ కళాశాల యున్నది. దేవలాలీనుండి ఆ విద్యాలయము 1989లో ఇచటికి తరలినది. దేశపు నలుమూలలనుండి వచ్చిన యువకులు అచట విమానములను కూల్చు ఫిరంగుల విద్య నేర్చుకొందురు. వారిలో తెలుగువారు నుందురు. రాబర్ట్స్ ప్రభువు కొలబద్ద నేడు వారి నాపదు. సెలవుదినమున ఆ యువకులు బరంపురము బజారులో చీరలు, పచ్చళ్లు కొని ఇండ్లకు పంపుదురు. అదే బజారులో నడచు తోటి యువకునకు 2018నుండి చెల్లుచున్న హక్కు, ఆ ద్వారము దాటి లోనికి పోగానే వీరికి సందేహాస్పదమగును. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చెను. అందు 377వ సెక్షనునకు చోటు లేదు. ఇష్టపూర్వక సంబంధమునకే కాక, పురుషునిపై జరుగు బలాత్కారమునకు గూడ ప్రత్యేకమైన సెక్షను అందు లేకపోవుటను పలువురు న్యాయవేత్తలు ఎత్తిచూపిరి. సైనికచట్టపు 46వ సెక్షనులో ‘అస్వాభావికము’ అను మాట మాత్రము 1881 నాటి భావముతోనే నిలిచియున్నది. ఆ మాటకు అర్థమేమో ఆ చట్టమున ఎచ్చటను నిర్వచింపలేదు.